నంబరు పడింది, అందరికీ కృతజ్ఞతలు

ఈ మధ్యాహ్నం నా విడాకుల పిటిషన్‌కు నంబరు పడింది, అంటే కోర్టు దాన్ని ఫైలులోకి తీసుకుంది. ఒళ్లు పులిసిపోయి ఉంది, అయినా ఇది రాయనిదే నిద్ర పట్టేలా లేదు.

అమ్మ, తమ్ముడు, పిన్ని ఎప్పటిలాగే వెన్నంటి ఉన్నారు. వాళ్లకు విడిగా చెప్పేదేముంది.

చెప్పవలసింది ఒక ప్లీడరు గుమాస్తా గారి గురించి. ఏ వకీలు దగ్గర పనిచేస్తారో కూడా నాకు తెలియదు, అప్పటికి నాకు అసలు వకీలే లేరు. ఫ్యామిలీ కోర్టు ఫైలింగ్ కిటికీలోంచి నా కాగితాలు మళ్లీ వెనక్కి వస్తే, వరండాలో కట్టలు సర్దుకుంటున్న ఆయన "ఏం అభ్యంతరం రాశారమ్మా?" అని అడిగారు. పెళ్లి జరిగిన ఊళ్లో వేసుకోవాలట అన్నాను. "హిందూ వివాహ చట్టం 19వ సెక్షన్‌లో 2003లో ఒక క్లాజు చేర్చారు. భార్య వేసే పిటిషనైతే తానుంటున్న చోటే వేయవచ్చు. ఆ ముక్క రాసి, చిరునామా రుజువు జత చేయండి" అన్నారు. ప్రతివాదితో కుమ్మక్కు లేదన్న వాక్యం కూడా ఉండి తీరాలన్నారు. పలకరింపులే లేని మనుషులం, మేం కుమ్మక్కవడమేమిటని అంత దిగులులోనూ నవ్వొచ్చింది.

తరువాత ఆయన నేను క్రూరత్వం కింద రాసిన పేరాలకు వచ్చారు. పక్కన నిలబడ్డవాళ్లు తొంగి చూస్తున్నారు. ఆయన తలెత్తలేదు. ఎడమ అరచెయ్యి ఆ పేరా మీద కప్పేసి, కుడిచేత్తో అడుగున సంతకం చోటు చూపించి "ఇక్కడ పెట్టండమ్మా" అన్నారు. ఇన్నాళ్లూ పెద్దమనుషులంతా ఆ సంగతులు నా చేత పదిమందిలో చెప్పించినవాళ్లే. అక్కడే, బల్ల మీదే ఏడ్చేశాను. ఆయన పెన్ను మూత పెట్టుకుని, నేను తేరుకునేదాకా మాట్లాడకుండా కూర్చున్నారు. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. పేరు రాయవద్దన్నారు, వాళ్ల వకీలుగారికి తెలిస్తే కేకలేస్తారట.

ఒక్క మాట అడగాలి. అభ్యంతరాలన్నీ ఒకేసారి రాసిస్తే ఏం పోతుంది? ఒకటి దిద్దుకొస్తే ఇంకొకటి. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు, ఆదాయం ఎంతైనా సరే, ఉచితంగా న్యాయవాదిని ఇవ్వాలి. న్యాయసేవాధికార సంస్థ గది అదే ఆవరణలో ఉంది. కిటికీలో ఎవరైనా చెప్పారా? అదీ గుమాస్తా గారే చెప్పారు. వాయిదాలకు ఇక అక్కడి వకీలు వస్తారు. దూరంలో ఉన్నవాళ్లు 15100కు ఫోను చేయవచ్చు.

అయ్యో, శుభలేఖ! పెళ్లికి రుజువుగా అదీ అడిగారు. నా దగ్గర లేకపోతే బీరువా అంతా తిరగేసి పంపిన స్నేహితురాలికి వేల దండాలు. జెరాక్స్ అబ్బాయికి, కుర్చీ ఇచ్చిన మహిళా కానిస్టేబుల్ గారికి కూడా. ఆఫీసులో నా పని నెత్తికెత్తుకున్న సహోద్యోగికీ. సెలవు చీటీ రేపు ఇస్తాను.