పుస్తకం చేతికందితే కదా!

సంపాదకుడు గారికి నమస్కారం.

పుస్తకాలు చదివితే మనుషులు మారతారా అని మీ పత్రికలో జరుగుతున్న చర్చ చూస్తున్నాను. మారరని చాలామంది తేల్చేశారు. ఒడిశాలోని పర్లాకిమిడిలో ఇరవై ఏళ్లకు పైగా తెలుగు చెప్పి రిటైరయ్యాను. నా కళ్లతో చూసింది చెప్తాను.

నా క్లాసులో కొండ మీది ఊరి నుంచి వచ్చి హాస్టల్లో ఉండే సవర తెగ అబ్బాయి ఒకడుండేవాడు. వాడు నోరు విప్పితే మిగతా పిల్లలు నవ్వేవారు. అందరికంటే ఎక్కువ ఏడిపించింది ఒక బట్టల కొట్టు వాళ్లబ్బాయి. "ఒరే కొండోడా" అనే పిలిచేవాడు. తిట్టాను, బయట నిలబెట్టాను, లాభం లేకపోయింది.

ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పంతులు గారి జయంతికి వ్యాసం రాయమని ఆ బట్టల కొట్టు అబ్బాయికే పంతులు గారి జీవిత చరిత్ర ఇచ్చాను. సన్నటి పుస్తకం. మన పర్లాకిమిడిలోనే మేష్టరుగా పనిచేసిన ఆయన సవర భాష నేర్చుకోడానికి ఆ భాష వచ్చిన మనిషిని ఇంట్లోనే పెట్టుకున్నారని, సవర పిల్లలకు సొంత డబ్బుతో బళ్లు పెట్టారని అందులో ఉంది.

వారం తర్వాత మధ్యాహ్నం అన్నాల దగ్గర వాడే ఆ సవర అబ్బాయిని "అన్నాన్ని మీరేటంటార్రా?" అని అడుగుతున్నాడు. అడిగిన మాటలన్నీ నోటు పుస్తకం వెనక రాసుకున్నాడు. "కొండోడా" అన్న పిలుపు మళ్లీ నా చెవిన పడలేదు. అదే పుస్తకం ఇంకో నలుగురికి ఇస్తే వాళ్లలో ఏ మార్పూ కనబడలేదు. అదీ నిజమే.

నేను తిట్టినప్పుడు పదిమందిలో పరువు పోతుందని వాడు మొండికేశాడు. పుస్తకం ముందు తప్పు ఒప్పుకుంటే చూసేవాళ్లెవరు? అందుకే వాడి మనసు అక్కడ మెత్తబడిందని నా నమ్మకం.

ఇప్పుడు నా బాధ వేరు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి మా ఊరు అటు వెళ్లింది. పంతులు గారు ఆ బాధతోనే రాజమండ్రి వెళ్లిపోయారు. మేం ఇక్కడే ఉన్నాం. మా ఇళ్లలో తెలుగే మాట్లాడతాం, కానీ మా మనవలకు తెలుగు అక్షరాలు రావు. బళ్లో ఒడియా, ఇంగ్లీషు నేర్చుకుంటున్నారు, సంతోషం. దాంతోపాటు తెలుగు కూడా ఉండాలంటున్నాను. పెద్దవాళ్లు పోగానే వాళ్ల తెలుగు పుస్తకాలు పాత పేపర్లతో కలిపి తూకానికి పోతున్నాయి. ఎంత కడుపు తరుక్కుపోతుందో చెప్పలేను.

ఆంధ్రలో ఆస్తి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు వసూలు చేస్తారు. ఆ డబ్బుతో మా పక్కనే ఆంధ్రలో ఉన్న పాతపట్నం వరకూ వచ్చే పుస్తకాలు సరిహద్దు ఇవతలి పిల్లలకు కూడా అందేలా రెండు ప్రభుత్వాలూ మాట్లాడుకోవాలి. ఒడిశా ప్రభుత్వం కూడా తెలుగువాళ్లున్న ఊళ్ల లైబ్రరీల్లో ఒక్క తెలుగు బీరువా అయినా పెట్టించాలి.

అంతవరకూ మా ఇంటి ముందు గది ఇస్తాను. తూకానికి వెయ్యబోయే పుస్తకాలుంటే మా ఊరివాళ్లు తెచ్చివ్వండి. సాయంత్రం అయిదింటికి తలుపు తీసి ఉంచుతాను, పిల్లల్ని పంపండి. అక్షరాలు నేను నేర్పుతాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ తెలుగు టీచరు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా