సంఘం వార్షిక నివేదిక: యార్డు మూతపడిన ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది సంఘం పనంతా రైల్వే గూడ్స్ యార్డు మూసివేత చుట్టూనే తిరిగింది. ఆటల పోటీలు, పిల్లల బహుమతుల కార్యక్రమం జరపలేదు. ఎందుకో వేరే చెప్పనక్కర్లేదు.

యాజమాన్యం చెప్పిన కారణం అబద్ధమేమీ కాదు. వచ్చిన వ్యాగన్లను విడదీసి, వెళ్లే చోటును బట్టి మళ్లీ జతచేసే పని చాలాచోట్ల తగ్గిపోయింది. కట్టిన రేక్ (వ్యాగన్ల వరుస) కట్టినట్టే చివరిదాకా పోతోంది. 1956లో ఓడల మీద మొదలైన నేటి కంటైనర్ రవాణా పుణ్యమా అని సరుకు మనిషి చెయ్యి తగలకుండానే ఓడ నుంచి రైలుకి, రైలు నుంచి లారీకి మారుతోంది. మన తగవు మూసిన తీరు మీదే.

ఎవరి ఉద్యోగమూ పోలేదు, అందరికీ బదిలీలే అన్నారు. ఆ లెక్కలో కాంట్రాక్టు హమాలీలు లేరు, వ్యాగన్లు ఊడ్చే ఆడవాళ్లు లేరు. వ్యాగన్లు జరిపే పర్మినెంటు షంటర్లకు, పట్టాల దారి మార్చే పాయింట్స్‌మన్లకు ఇచ్చిన ఆప్షన్ ఫారంలోనైనా ఉన్నవి మూడే గడులు: దూరపు డిపో, ఇంకా దూరపు డిపో, స్వచ్ఛంద విరమణ. మంచాన పడ్డ తల్లిని వదిలి వెళ్లలేక ఒక సభ్యుడు మూడో గడిలో టిక్కు పెట్టారు. కాగితం మీద ఆయన ఇష్టపడి మానేసినట్టే.

ఉద్యోగాలు తీసే ముందు కారణాలు, ఎంతమంది, ఏ విభాగాల వాళ్లు అన్నది కార్మిక ప్రతినిధులకు తగినంత ముందుగా చెప్పాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1982 నాటి 158వ ఒప్పందం అంటుంది. ఆమోదించని దేశాలను అది కట్టిపడేయదు. అయినా చర్చల్లో దాన్నే ముందు పెట్టాం. బదిలీ అయినవాళ్లు కొత్త డిపోలో సీనియారిటీ జాబితా అడుక్కి పోకుండా పాత సర్వీసు లెక్కలోకి వచ్చింది. పిల్లల పరీక్షలయ్యేదాకా చేరే గడువు పెంచారు. క్వార్టర్ల విషయంలో మాత్రం ఓడిపోయాం.

హమాలీల పరిహారం ఇంకా తేలలేదు. ఇన్నేళ్లు పనిచేశామని రుజువేదీ అంటే గేట్ పాసులో ఒక పేరు, బ్యాంకు పుస్తకంలో ఇంకో పేరు. చివరికి అక్కరకొచ్చినవి ముఠా మేస్త్రి దాచిన టాలీ పుస్తకాలే. ఏ రోజు ఏ వ్యాగన్ మీద ఎవరెవరు పనికి దిగారో పెన్సిల్‌తో రాసుంది. కాంట్రాక్టర్లు మారినా ఆయన పుస్తకం మారలేదు. వాటి నకళ్లు క్లెయిములకు జతచేశాం.

పని పోయిన సభ్యులకు వచ్చే ఏడాది చందా లేదు. బదిలీ మీద వెళ్లినవాళ్ల సభ్యత్వం కొనసాగుతుంది. క్వార్టర్ ఖాళీ చేయమని నోటీసు వస్తే, సంఘానికి చూపించకుండా దాని మీద సంతకం పెట్టొద్దు.

— కార్యదర్శి