ప్రధానోపాధ్యాయురాలి లేఖ: రాత్రి తిండి మీద జరిగిన చర్చ గురించి

తల్లిదండ్రులకు నమస్కారం.

శుక్రవారం తొమ్మిదో తరగతి పిల్లల చర్చ గురించి మీ వాట్సాప్ గ్రూపుల్లో నడుస్తున్న మాటలు నా దాకా వచ్చాయి. బళ్లో లేనిపోని రోగాల పేర్లు నేర్పుతున్నారట. రాత్రి తినడాన్ని విడి ఆహార రుగ్మతగా గుర్తించాలా వద్దా అన్న అంశం ఇచ్చింది నేనే.

 

ఈ రుగ్మతను 'నైట్ ఈటింగ్ సిండ్రోమ్' అంటారు, ఇది నిన్నమొన్న పుట్టిన పేరు కాదు. ఆల్బర్ట్ స్టన్‌కార్డ్ అనే వైద్యుడు 1955లోనే వివరించారు: పొద్దున ఆకలి ఉండదు, రాత్రయ్యేకొద్దీ తిండి మీదికే మనసు పోతుంది, నిద్ర పట్టదు. కొందరు నడిరాత్రి లేచి, ఏదో ఒకటి తింటేగానీ మళ్లీ నిద్ర రాదనుకుంటారు. అయినా 2013లో వచ్చిన డీఎస్ఎం-5లో, అంటే అమెరికా మానసిక వైద్యుల సంఘం వేసిన రుగ్మతల జాబితాలో, అతిగా తినే రుగ్మతకు సొంత చోటు దక్కింది, దీన్ని మాత్రం 'ఇతర' రుగ్మతల్లో కలిపేశారు. రెండూ ఒకటెలా అవుతాయి? అక్కడ ఒకేసారి ఆపుకోలేనంత తింటారు. ఇక్కడ తినేది కొంచెమే కావచ్చు, తప్పింది వేళ. నిద్రమత్తులో తినేవాళ్లకు తెల్లారాక గుర్తుండకపోవచ్చు. వీళ్లకు గుర్తుంటుంది, అందుకే సిగ్గుపడి దాస్తారు. విడి పేరుంటేనే డాక్టరు ఆ ప్రశ్న అడుగుతారు, ఇంట్లోవాళ్లు 'దొంగతిండి' అని తిట్టబోయి ఆగుతారు.

ఈ చివరి మాట తొమ్మిది-బి అమ్మాయిది, కాగితం చూడకుండా చెప్పింది! అవతలి పక్షం అబ్బాయి పోయినేడాది స్టేజీ ఎక్కడానికే వణికాడు. ఈసారి, "డిప్రెషన్, నిద్రలేమి ఉన్నవాళ్లలోనూ ఇవి కనిపిస్తాయి కదా, ఏది మూలమో తేలకుండా విడి రోగమని ఎలా అంటాం?" అని నిలదీశాడు. నేను ఆ అమ్మాయి పక్షమే, కానీ ఆ ప్రశ్నకు చప్పట్లు కొట్టకుండా ఉండలేకపోయాను.

రాత్రి తినే ప్రతి పిల్లకూ ఈ రుగ్మత ఉందని కాదు. చాలా ఇళ్లలో అది మనం చేసిన అలవాటే. పోయిన నెల ప్రార్థన వేళ ఇద్దరు పిల్లలు కళ్లు తిరిగి కూర్చుండిపోయారు, ఇద్దరూ ఖాళీ కడుపుతో వచ్చినవాళ్లే. పదకొండింటికి ఫోను చేతికిచ్చి, గదిలోకి ప్లేటు పంపి, పొద్దున "వాడికి ఆకలుండదండీ" అనే మిమ్మల్ని గౌరవంగానే అడుగుతున్నాను, ఆకలి ఎక్కణ్నుంచి వస్తుంది? అలవాటు మార్చి చూశాక కూడా నెలల తరబడి అదే తీరైతే తిట్టకండి, డాక్టరుకు చూపించండి.

శనివారం మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా నా గదిలోనే ఉంటాను. గ్రూపుల్లో రాసినవాళ్లూ రండి, చర్చలో మాట్లాడిన ఆ అమ్మాయినీ అబ్బాయినీ ఉండమన్నాను.

మీ ప్రధానోపాధ్యాయురాలు