డబ్లిన్‌లో నువ్వు చూడాల్సిన పుస్తకం

అమ్మలూ,

నువ్వు పంపిన అరబ్బీ అక్షరాల పేజీలన్నీ చూశాను. వాటి కింద మీ టీచరు రాసిన మాట కూడా చదివాను. పాత రాతలను చూసి దించడమే తప్ప అందులో నువ్వెక్కడా కనిపించడం లేదని ఆయన ఫిర్యాదు. అది చదివిన దగ్గర నుంచి నువ్వు కలం ముట్టుకోలేదని అమ్మ చెప్పింది. ఫోనులో చెబితే సగం మాటలు తేలిపోతాయని ఉత్తరం రాస్తున్నాను.

నువ్వున్న ఊళ్ళోనే, డబ్లిన్ కోట ఆవరణలో చెస్టర్ బీటీ మ్యూజియం ఉంది. ప్రవేశానికి డబ్బు కట్టనక్కర్లేదు. అక్కడ వెయ్యేళ్ళ నాటి ఖురాన్ ప్రతి ఒకటి ఉంది. దాన్ని రాసినవాడు బాగ్దాద్ వాసి అలీ ఇబ్న్ హిలాల్. చరిత్రలో ఇబ్న్ అల్-బవ్వాబ్‌గా నిలిచిపోయాడు. తండ్రి ద్వారపాలకుడు. కొడుకు మొదట ఇళ్ళకు రంగులూ నగిషీలూ వేసి పొట్టపోసుకున్నాడు. తర్వాత పుస్తకాల్లో బొమ్మలు వేశాడు. రాతలోకి వచ్చింది ఆ పైనే. దుకాణాల బోర్డులు రాసి మిమ్మల్ని పెంచినవాణ్ణి కదా, ఆయన మన వృత్తివాడేనని నాకు అనిపిస్తుంది.

ఆయనకు సుమారు ఎనభై ఏళ్ళ ముందు అదే బాగ్దాద్‌లో ఇబ్న్ ముఖ్లా ఉండేవాడు. అబ్బాసీ ఖలీఫాల దగ్గర మూడుసార్లు వజీరు. అరబ్బీ అక్షరాలకు కొలత కట్టినవాడిగా పేరు ఆయనదే. రాజకీయాలు ఆయన్ను మింగేశాయి. కుడిచేయి నరికించారు. ఆ మొండి చేతికి కలం కట్టుకుని రాశాడని చెబుతారు. 940లో చెరసాలలోనే చనిపోయాడు.

ఆ కొలత ఎలా ఉంటుందో నీకు కొంత తెలుసు. కలం మొనను కాగితం మీద ఆనించి ఏటవాలుగా లాగితే వజ్రాకారంలో చుక్క పడుతుంది. అలాంటి చుక్కలను ఒకదాని మీద ఒకటి పేర్చితే మొదటి అక్షరమైన అలిఫ్, అంటే ఆ నిలువు గీత, ఎత్తు వస్తుంది. సుల్స్ అనే అరబ్బీ లిపి శైలిలో మామూలుగా ఏడు చుక్కలు. ఆ అలిఫ్‌ను వ్యాసంగా పెట్టి వృత్తం గీస్తే మిగతా అక్షరాల వంపులు అందులోంచి వస్తాయి. సన్నకలంతో రాసినా లావుకలంతో రాసినా పొందిక చెదరదు. హైదరాబాద్ ఛత్తా బజారులో ఉర్దూ బోర్డులు రాయడం నేర్చుకునేటప్పుడు ఉస్తాద్ నాకు మొదట చెప్పిన పాఠం ఈ చుక్కే. రెల్లు పుల్లను చాకుతో ఏటవాలుగా చెక్కి, లోపలి మెత్తని పీచును గీకేసి, నడిమిన సన్నని చీలిక పెట్టేవారు. చివర ఎముక పలక మీద ఆనించి ఒక్క వేటుతో మొన తెంచేవారు. మొన ఎంత వాలుగా తెగిందో ఆయన ఆ శబ్దం వినే చెప్పగలిగేవారు. ఇబ్న్ అల్-బవ్వాబ్ రాత మీద ఒక పద్యం రాశాడు. అందులో మొన తెంచే రహస్యాన్ని మాత్రం బయటపెట్టనని అంటాడు. ఆ ఒక్క విషయంలో ఆయనతో నేను ఏకీభవించలేను. దాచుకునే విద్య కాదది. మా ఉస్తాద్ అడగకుండానే చేయి పట్టి చూపించారు.

ఇప్పుడు నీకు చెప్పాలనుకున్న అసలు సంగతి. ఇబ్న్ ముఖ్లా శిష్య పరంపరలోని ముహమ్మద్ ఇబ్న్ అసద్ దగ్గర ఇబ్న్ అల్-బవ్వాబ్ రాత నేర్చుకున్నాడు. కొంతకాలం ఇరాన్‌లోని షీరాజ్‌లో బువైహిద్ వంశపు పాలకుడు బహా అల్-దౌలా గ్రంథాలయాన్ని చూసుకున్నాడు. ఒకరోజు అక్కడి పుస్తకాల మధ్య నల్ల అట్ట ఉన్న ఒక సంపుటం దొరికింది. తెరిచి చూస్తే ఇబ్న్ ముఖ్లా చేతిరాత. అది ఖురాన్ ముప్పై భాగాల్లో ఒకటి. గ్రంథాలయమంతా గాలించి ఇరవై తొమ్మిది భాగాలు పోగుచేశాడు. ఒకటి దొరకలేదు. ఆ లోటు పూరించమని పాలకుడు అడిగాడు. సరేనన్నాడు. తాను రాసిన భాగం ఏదో పాలకుడు పోల్చుకోలేకపోతే ఒక గౌరవ వస్త్రం, వంద దీనార్లు ఇవ్వాలని మాట తీసుకున్నాడు. పాత కాగితాల్లోంచి ఆ ప్రతిలోని కాగితాన్ని పోలినదాన్ని వెతికి రాశాడు. బంగారు పూతకు పాతదనం తెచ్చాడు. ఒక పాత సంపుటం అట్ట విప్పి దీనికి వేశాడు. ఏడాది గడిచాక పాలకుడు ముప్పై భాగాలూ తిరగేసి చూశాడు. కొత్తది ఏదో తేల్చుకోలేకపోయాడు.

వస్త్రమూ డబ్బూ ఎంతకీ రాలేదు. చివరికి ఇబ్న్ అల్-బవ్వాబ్, గ్రంథాలయంలో పడి ఉన్న రాయని చైనా కాగితాలు ఇప్పించమన్నాడు. ఇచ్చారు. వాటి మీద ఏళ్ళ తరబడి రాసుకున్నాడు. ఈ కథను 13వ శతాబ్దపు చరిత్రకారుడు యాఖూత్ అల్-హమావీ రాసిపెట్టాడు. దీన్ని నకిలీ పని అనడానికి నాకు మనసొప్పదు. చెప్పే చేశాడు, షరతు పెట్టే చేశాడు. ఒక మనిషి మరొకరి చేతిరాతలోకి అంత లోతుగా వెళ్ళగలిగాడంటే అది ఎన్నేళ్ళ మష్క్, అంటే రాత సాధన, అయి ఉంటుందో ఆలోచించు.

నేడు ఇబ్న్ ముఖ్లా చేతిదని నిస్సందేహంగా చెప్పగలిగే పేజీ ఒక్కటీ మిగల్లేదు. ఆయన రాత గురించి మనకు తెలిసిందంతా ఇలాంటి శిష్యుల వల్లనే. డబ్లిన్‌లోని ప్రతి మాత్రం ఇబ్న్ అల్-బవ్వాబ్ సొంత పని. బాగ్దాద్‌లో హిజ్రీ 391లో, అంటే 1000–1001లో పూర్తిచేసి సంతకం పెట్టాడు. ఎత్తు సుమారు 17 సెంటీమీటర్లు, చేతిలో పట్టుకుని చదువుకునేంత. అంతకు ముందరి ఖురాన్లు ఎక్కువగా తోలు మీద, కోణాలు తేలిన కూఫీ లిపిలో ఉండేవి. ఇది కాగితం మీద, గుండ్రని నస్ఖ్‌లో రాసినది. వంపులన్నీ ఒకే ఊపిరితో సాగినట్టుంటాయి, తొందర ఎక్కడా కనిపించదు. ఫొటోలో చూసినప్పుడే నాకు కళ్ళు చెమర్చాయి. మరొకరి రాతను అంతలా అనుకరించిన చేయి సొంతంగా రాసినప్పుడు ఎలా ఉంటుందో నువ్వు దగ్గర నుంచి చూడాలి. మీ టీచరు వెతుకుతున్నది ఎక్కడి నుంచి వస్తుందో అక్కడ నీకే తెలుస్తుంది.

ఆయన 1022లో బాగ్దాద్‌లో కన్నుమూశాడు. ఆ పరంపరలో షుహ్దా అనే ఆమె పేరు తప్పక చెబుతారు. హదీసు (ప్రవక్త మాటలు, చేతల సంప్రదాయం) పండితురాలు, 1178లో చనిపోయింది. చక్కని రాత వల్ల ఆమెను "కాతిబా", అంటే లేఖకురాలు, అనే పిలిచేవారు. తర్వాత 1298లో మరణించిన యాఖూత్ అల్-ముస్తాసిమి. ఆయన రాసినదిగా చెప్పే ఖురాన్ మన సాలార్జంగ్ మ్యూజియంలోనే ఉంది. నువ్వు సెలవులకు వచ్చినప్పుడు కలిసి వెళ్దాం.

మ్యూజియానికి వెళ్ళేముందు ఆ ప్రతి ప్రదర్శనలో ఉందో లేదో అడుగు. వెలుతురుకు పాడవుతాయని ఇలాంటివాటిని అన్నివేళలా బయట ఉంచరు. ఉంటే ఒక్క వరుస ఎంచుకుని, అందులోని అలిఫ్‌లన్నీ ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో చూడు. ఆ వరుసను పెన్సిలుతో నోటుపుస్తకంలో దించుకో. ఇంటికి వెళ్ళాక కలంతో, చుక్కలు కొలిచి మళ్ళీ రాయి. రెండూ నాకు పంపు, మీ టీచరుకూ చూపించు. కొత్త రెల్లు కలాలు నాలుగు చెక్కి ఉంచాను, వచ్చే వారం పార్సిల్‌లో వేస్తాను.

ప్రేమతో,
నాన్న