క్రాష్ బ్యారియర్ బిగించడానికి నిధులుంటాయి, మరమ్మతుకు పద్దే ఉండదు

సంపాదకులకు నమస్కారం.

రోడ్డు పక్కన ఇనుప రెయిలింగు, అంటే క్రాష్ బ్యారియర్, కొత్తగా వేయాలంటే రోడ్డు ఎస్టిమేట్‌లోనే డబ్బు వస్తుంది. లారీ గుద్ది అది వంగిపోయాక సరిచేయాలంటే మాత్రం మున్సిపాలిటీ బడ్జెట్‌లోనో, పంచాయతీ లెక్కల్లోనో దానికంటూ ఒక పద్దు కనబడదు. 163, 563 జాతీయ రహదారుల సంగతి వేరు, వాటికి నిర్వహణ ఒప్పందాలుంటాయి. వాటి నుంచి ఊళ్లకు చీలే రోడ్లు, కాకతీయ కాల్వ వంతెనల అప్రోచ్‌లు, చెరువు కట్టల మీది మలుపులే అనాథలు. వంగిన చోట ఎర్ర రిబ్బను చుట్టి, రెండు ఇసుక బస్తాలు పెడితే మళ్లీ బీటీ రెన్యువల్, అంటే కొత్త తారు పొర, మంజూరయ్యే దాకా అదే మరమ్మతు.

నిజానికి ఈ పని ఎంత? డబ్ల్యూ ఆకారపు బీము 3 మిల్లీమీటర్ల మందం, బిగించాక ఒక్కోటి 4 మీటర్ల దూరం కప్పుతుంది. పోస్టు 150 × 75 × 5 మిల్లీమీటర్ల చానెల్, పొడవు 1.8 మీటర్లు. అందులో 1.1 మీటర్లు భూమిలో, 70 సెంటీమీటర్లు పైన. రెండు మీటర్లకో పోస్టు, పోస్టుకూ బీముకూ నడుమ 330 మిల్లీమీటర్ల పొడవున్న స్పేసర్, అంటే ఎడం ఉంచే ముక్క. లారీ రాసుకుంటూ పోయి 12 మీటర్లు పాడైందనుకుందాం. 3 బీములు, 7 పోస్టులు, 7 స్పేసర్లు కావాలి. అతుకుకు 8 బోల్టుల లెక్కన నాలుగు అతుకులకు 32, పోస్టులకు బిగించేవి అదనం. అంతా కలిపి మూడు క్వింటాళ్లకు అటూ ఇటూగా ఇనుము. సామాను చేతిలో ఉంటే నలుగురు మనుషులకు ఒక రోజు పని. ఇంత చిన్నది కాబట్టే ముందుకు సాగదు. 12 మీటర్లకు విడిగా ఎస్టిమేట్ వేసి టెండరు పిలిస్తే ఏ కాంట్రాక్టరు వస్తాడు? ఏడు పోస్టులు తేవడానికి బండి కిరాయి కూడా గిట్టదు.

అందుకని ఊళ్లోని వెల్డింగ్ షాపును పిలుస్తారు. అసలు నష్టం అక్కడే. వంగిన బీమును గ్యాస్‌తో కాల్చి సాపు చేస్తే పైనున్న జింకు పూత పోయి, ఒకటి రెండు వానాకాలాల్లో అక్కడే తుప్పు తినేస్తుంది. అతుకును వెల్డింగ్ చేస్తే వచ్చేసారి దెబ్బకు బోల్టు విప్పి ఒక్క బీము మార్చే వీలుండదు, మొత్తం కోయాల్సిందే. అన్నిటికన్నా ప్రమాదం అతుకు దిశ. అతుకులో వాహనం వచ్చే వైపు బీము పైన, అంటే రోడ్డు దిక్కున, దాని తర్వాతది వెనక ఉండాలి. తిరగేసి బిగిస్తే బీము అంచు ఎదురొచ్చే కారుకు కత్తిలా నిలబడుతుంది. స్పేసర్లు మిగిలిపోయాయని పక్కన పడేయడం కూడా చూస్తుంటాం. చక్రం పోస్టుకు తగులుకొని బండి గిర్రున తిరగకుండా ఆపేది ఆ స్పేసరే.

ఎవరూ గుద్దకుండానే చెడిపోయే బ్యారియర్లు కూడా ఉన్నాయి. రోడ్డు మీద 5 సెంటీమీటర్ల పొర రెండుసార్లు పడితే 70 సెంటీమీటర్ల ఎత్తు 60కి వస్తుంది. ఎత్తయిన బండి దాన్ని ఎక్కి దూకేస్తుంది. కాబట్టి బీటీ ఎస్టిమేట్‌లోనే బ్యారియర్ ఎత్తు పెంచే ఐటెమ్ కలపాలి. దాన్ని మరిచిపోవడం మన దగ్గర రివాజు. ఇక వానకు కట్ట వాలు కోసుకుపోతే పోస్టు వెనుక మట్టి ఉండదు. పోస్టు వెనుక కనీసం రెండడుగుల గట్టి మట్టి లేకుంటే అది నిలబడినట్టు కనిపిస్తుందే గాని, తాకితే పడిపోతుంది. గుంత తవ్వి పోస్టు పెట్టినప్పుడు పొరపొరకూ దిమ్మిస కొట్టకపోతే ఫలితం అదే. బోల్టుల దొంగతనం మరొకటి. బోల్టు గుండు తల రోడ్డు వైపు నున్నగా ఉంటుంది, తిప్పలేం. నట్టు మాత్రం వెనక వైపు, పొలం దిక్కున, ఎవరి స్పానరుకైనా దొరుకుతుంది. బిగించాక నట్టు దాటి బయటికి వచ్చిన మరను సుత్తితో రెండు దెబ్బలు కొట్టి చెడగొడితే స్పానరు పనిచేయదు. దీనికి ఖర్చేమీ లేదు.

పొలానికి బాట కావాలని రైతులు ఒక బీము తీసేసిన చోట్ల తగవు పెట్టుకొని లాభం లేదు. ట్రాక్టరు పోవాలి కదా. ఆ ఖాళీకి రెండు వైపులా బీమును రోడ్డుకు దూరంగా వంచి సరైన ఎండ్ పీసులు వేయాలి. కోసిన బీమును అట్లనే వదిలితే అది కారులోకి బల్లెంలా దూసుకొస్తుంది.

ఒక హెచ్చరిక. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్‌లో ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయిన నాటి నుంచి ఎక్కడ మలుపు ఉన్నా డబ్ల్యూ బీము వేయమని అడగడం అలవాటైంది. మామూలు డబ్ల్యూ బీము ప్రధానంగా కార్లను ఆపడానికి. నిండిన బస్సులు, బొగ్గు, గ్రానైటు లారీలు తిరిగే ఘాట్లకు మూడు మడతల బీమో, కాంక్రీటు గోడో కావాలి. తప్పు రకం వేసి దాని నిర్వహణకు డబ్బు పోయడం వృథా.

ఇక డబ్బు. ఉన్న బ్యారియర్ పొడవులో 2 శాతం సామాను స్టోరులో ఉండాలన్నది మా లెక్క. 5 కిలోమీటర్లు ఉన్న మున్సిపాలిటీకి 100 మీటర్లది: 25 బీములు, 50 పోస్టులు, 50 స్పేసర్లు, అతుకు బోల్టులు 200. కూలీకి ఏడాది రేటు కాంట్రాక్టు. బీములను పరుపుగా పేర్చి వానలో వదలకూడదు, నడుమ నీరు నిలిచి తెల్ల తుప్పు పడుతుంది. చెక్క ముక్కలు పెట్టి వాలుగా పేర్చాలి. తీసేసిన పాత ఇనుమును స్టాకు రిజిస్టరులో ఎక్కించి వేలం వేస్తే కొంత తిరిగొస్తుంది. 2019 మున్సిపల్ చట్టంలో హరిత బడ్జెట్‌కు 10 శాతం అని రాసుకున్నవాళ్లం, దీనికి ఒక్క లైను రాసుకోలేమా? పంచాయతీలకైతే 2021-26 కాలపు 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో 60 శాతం నీళ్లకు, పారిశుద్ధ్యానికి కట్టేసినా మిగతా 40 శాతం ఊరి అవసరాలకే ఇచ్చారు. గనుల జిల్లాల్లో మినరల్ ఫౌండేషన్ నిధి, అంటే గనుల వాళ్లు జిల్లాకు కట్టే డబ్బు, రోడ్లకూ వాడొచ్చు. ఎంపీ నిధులను అడగడం దండగ, అవి నిర్వహణకు పనికిరావు. ట్రాఫిక్ జరిమానాల్లో కొంత భాగంతో రోడ్డు భద్రతా నిధి పెట్టాలని, కలెక్టరు అధ్యక్షతన జిల్లా కమిటీ ఉండాలని 2017 నవంబరు 30న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కమిటీ ప్రతి సమావేశంలో వంగిన బ్యారియర్ల జాబితా మీద ఒక ఐటెమ్ ఉంటే చాలు. రోడ్డు నిర్వహణలో ప్రమాణాలు పాటించనందువల్ల ఎవరైనా చనిపోయినా, వికలాంగులైనా బాధ్యతగల సంస్థకు లక్ష రూపాయల దాకా జరిమానా వేసే 198ఏ సెక్షన్ కూడా మోటారు వాహనాల చట్టంలో ఉందని అధికారులకు గుర్తుచేయాల్సి రావడం బాధాకరం.

అన్నిటికన్నా తేలికైన నిధిని మనం ముట్టుకోవడమే లేదు. గుద్దిన బండికి థర్డ్ పార్టీ బీమా ఉంటుంది. అది మనుషులకే కాదు, ఆస్తికీ వర్తిస్తుంది. యజమాని తక్కువ పరిమితి ఎంచుకోకుంటే కార్లకు, లారీలకు 7.5 లక్షల వరకు, బైకులకు లక్ష వరకు ఆస్తి నష్టం వస్తుంది. ఆస్తి యజమానిగా మున్సిపాలిటీ గానీ పంచాయతీ గానీ క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌కు దరఖాస్తు చేయొచ్చు. 2019 సవరణ ప్రకారం గడువు ఆరు నెలలు. కావలసినవి ఎఫ్‌ఐఆర్ నకలు, బండి నంబరు, పాలసీ వివరం, పోస్టు నంబర్లు కనబడే ఫొటోలు, కొలతలు, ఎస్‌ఎస్‌ఆర్ (ప్రభుత్వ ప్రామాణిక ధరల పట్టిక) ప్రకారం ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) సంతకం చేసిన నష్టం అంచనా. పోస్టు నంబరు కావాలంటే ముందుగా ప్రతి పదో పోస్టుకు పెయింటుతో అంకె వేయాలి. ఆ పని ఈ వేసవిలోనే మొదలుపెట్టవచ్చు, దానికి ఏ మంజూరూ అక్కర్లేదు.

– విశ్రాంత రోడ్ల ఇంజినీర్లు కొందరు, హనుమకొండ