సరా, బేసా?

ఒరేయ్ సూరీ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది, తప్పు నాదే, క్షమించరా. ఇక్కడ అందరం కులాసా. అమ్మకి మోకాలి నొప్పి తగ్గింది. ఇక అసలు సంగతి. నాలుగు రోజులుగా నీకు చెప్పకపోతే ఊపిరాడట్లేదు.

దేవుడున్నాడా లేడా అని మన డాబా మీది వాదన గుర్తుందా? "కుండ ఉందంటే కుమ్మరి ఉండాలి" అని నేను, "మరి కుమ్మరిని ఎవడు చేశాడు" అని నువ్వు. నాది అచ్చంగా నైయాయికుల (పాతకాలం తర్కవాదులు) మాటే అట! జగత్తు కార్యం, అంటే ఒకరు చేస్తే పుట్టింది, కుండలాగే, కాబట్టి కర్త ఉండాలి. దానికి మీమాంసకులు (వేదకర్మలే ముఖ్యమనే ఇంకో దర్శనం వాళ్లు) నీలా అడ్డు తగల్లేదు. అసలు జగత్తుకి పుట్టుకే లేదు పొమ్మన్నారు. అంటే ముడి కుమ్మరి దగ్గర లేదురా, మొదలు దగ్గర ఉంది.

ఆ మొదలు ఉండి తీరాలని ముస్లిం తాత్వికుడు అల్ గజాలీ (1058-1111) ఒక లెక్క వేశాడు. శని ఒక్క చుట్టు తిరిగేలోపు సూర్యుడు 30 చుట్లు తిరుగుతాడు (అప్పటి లెక్కలో సూర్యుడే తిరిగేవాడు). కాలానికి మొదలే లేకపోతే ఇద్దరివీ అనంతమైన చుట్లే. 30 రెట్లు తిరిగినవాడూ, తిరగనివాడూ సమానమా? పైగా ఆ చుట్లు సరి సంఖ్యా, బేసి సంఖ్యా? బేసి అయితే ఇంకొక్కటి కలిస్తే సరి అవుతుంది. అనంతానికి ఒకటి తక్కువవడమేంట్రా!

అర్ధరాత్రి బల్ల మీద అగ్గిపుల్లలు పేర్చాను. శనికి ఒకటి, సూర్యుడికి ముప్పై. శని రెండో చుట్టు పూర్తికాకుండానే పెట్టె ఖాళీ. అయినా ఎంత సంబరమో! తేలిపోయిందనుకున్నా.

తెల్లారాక అనంతాల లెక్కలు కట్టిన గణితవేత్త కాంటర్ గుర్తొచ్చాడు. అనంతంలో భాగమూ మొత్తమూ సమానం కావచ్చు, అది దాని స్వభావం అంటాడాయన. సరి-బేసి ప్రశ్న అక్కడ చెల్లదు. కానీ సూరీ, కాగితం మీది సంఖ్యలు వేరు, గడిచిన రోజులు వేరు కదా? రోజులు ఒకటి తర్వాత ఒకటి గడవాలి. అంతులేనన్ని గడిచి ఈ రోజు ఎలా వచ్చింది? నువ్వేమంటావో తెలుసు. "వెనక్కి ఏ రోజునైనా పట్టుకో, అక్కణ్ణుంచి ఇవాళ్టికి లెక్కకందే రోజులే." నిజమే. అక్కడే ఆగిపోయాను, ఎంత గింజుకున్నా ముందుకు కదలట్లేదు.

ఇంకోటి. విశ్వం ఒకే ఆదిమ పరమాణువు నుంచి మొదలైందని 1931లో చెప్పిన భౌతిక శాస్త్రవేత్త లెమెత్ర్ క్రైస్తవ పూజారి కూడా. ఇప్పుడు మనం విశ్వం వయసు 1380 కోట్ల ఏళ్లు అంటున్నామే, ఆ దారి వేసినవాళ్లలో ఆయనొకడు. 1951లో పోప్ ఆ సిద్ధాంతాన్ని సృష్టికి సాక్ష్యంగా చూపిస్తే లెమెత్ర్‌కే నచ్చలేదు! ఫిజిక్స్‌ని దేవుడికి రుజువుగా వాడొద్దన్నాడు. అది చదివి చాలాసేపు ఊరికే కూర్చుండిపోయాను. అంత నమ్మకం ఉన్నవాడికి రుజువు అక్కర్లేదేమో, లేక...

మొదలుందనీ, దానికో కారణం ఉందనీ తేలినా, ఆ కారణం మనం దణ్ణం పెట్టుకునే దేవుడేనా అన్నది ఇంకా మిగిలే ఉంది. దాని గురించి నాకొకటి తట్టింది, అదేంటంటే... అయ్యో, ఎనిమిదైంది! అక్క బండి వచ్చేస్తుంది, స్టేషన్‌కి పరిగెత్తాలి. మిగతాది రేపు రాస్తా.

నీ
గోపి