గుడ్డలు కొనడానికి వచ్చినవాళ్లకి కోట ఎందుకు? విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను కృష్ణా జిల్లాలో ఒక హైస్కూల్లో సోషల్ టీచర్‌ని. పద్దెనిమిదేళ్లుగా పిల్లలకు బ్రిటిష్ పాలన పాఠం చెబుతున్నాను. ఏటా పాఠం మొదలుపెట్టే రోజు ఒకటే ప్రశ్న అడుగుతాను: ఇంగ్లీషు కంపెనీవాళ్లు మన తూర్పుతీరంలో ముందుగా ఎక్కడ దిగారు? మద్రాసు అంటారు, కలకత్తా అంటారు. ప్లాసీ అని అరిచేవాళ్లూ ఉంటారు. బందరు, అంటే మచిలీపట్నం, అన్నవాళ్లు ఇన్నేళ్లలో పదిమంది ఉంటారేమో. మా బడి నుంచి బందరు బస్సులో గంట ప్రయాణం.

అందుకే పోయినేడు డిసెంబరులో తొమ్మిదో తరగతి పిల్లల్ని వెంటబెట్టుకుని బయల్దేరాను. దారిలో పెడనలో దిగి, కలంకారీ అద్దే షెడ్డు ఒకటి చూశాం. కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరేసిన గుడ్డలు దండేల మీద లేత పసుపుగా వేలాడుతున్నాయి. ఆ వాసనకి పిల్లలు ముక్కులు మూసుకున్నారు. అచ్చువేసే పెద్దాయన టేకు అచ్చును రంగులో అద్ది, గుడ్డ మీద ఆనించి, పిడికిలితో ఒక్క దెబ్బ వేశారు. తుప్పు పట్టిన ఇనుమును బెల్లం నీళ్లలో ఊరబెట్టి తీసిన రంగు అది. కరక్కాయ తాగిన గుడ్డకు తగలగానే నల్లగా తేలింది. ఎరుపు కోసం పాతరోజుల్లో పటిక పట్టించి చిరివేరుతో ఉడికించేవారు. ఎన్ని ఉతుకులు ఉతికినా పోని ఆ రంగుల కోసమే ఓడలు కట్టుకుని సముద్రాలు దాటి వచ్చారని చెప్పాను.

అక్కడి నుంచి బందరు కోటకి వెళ్లాం. చిత్తడి నేల, ఉప్పుగాలి, పాత ఇటుక గోడలు. గోడ నీడలో కూర్చుని పులిహోర తింటుంటే ఒకమ్మాయి అడిగింది: "టీచర్, గుడ్డలు కొనడానికి వచ్చినవాళ్లకి కోట ఎందుకు?"

మంత్రి గారూ, ఒక సామ్రాజ్యం ఎలా పుట్టిందో అంతా ఆ పిల్ల ప్రశ్నలో ఉంది. నేను చెప్పిన జవాబు మీకూ చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

1611లో గ్లోబ్ అనే ఇంగ్లీషు ఓడ బందరు చేరింది. అప్పుడిది గోల్కొండ కుతుబ్‌షాహీల రేవు. డచ్చివాళ్లు అప్పటికే ఇక్కడ ఉన్నారు. వచ్చినవాళ్లు సుల్తాను దయ కోసం, అధికారుల అనుమతుల కోసం పడిగాపులు కాసిన బేరగాళ్లే. 1632లో అబ్దుల్లా కుతుబ్‌షా వ్యాపారం చేసుకోమంటూ బంగారు ఫర్మానా (రాజాజ్ఞ) ఇచ్చాక వాళ్లకు కాస్త ఊపిరాడింది. 1639లో మద్రాసు నేల సంపాదించిన ఇద్దరిలో ఒకరైన ఆండ్రూ కోగన్ బందరు కోఠీ (కంపెనీ వ్యాపార కేంద్రం) పెద్ద. వాళ్ల దగ్గర మనవాళ్లకు కావలసిన సరుకేమీ పెద్దగా లేదు. వెండి తెచ్చి గుడ్డ పట్టుకెళ్లేవారు. ఆ గుడ్డ ఇంగ్లండులో ఎంతలా పాకిందంటే, అక్కడి నేతగాళ్లు గగ్గోలు పెడితే 1700లో ఒకసారి, 1721లో ఇంకోసారి అద్దకం గుడ్డల మీద వాళ్ల పార్లమెంటు నిషేధాలు పెట్టాల్సి వచ్చింది.

ఆ బేరగాళ్లు నూట యాభై ఏళ్లకు మన ఏలికలయ్యారు. ఉత్తర సర్కారులు, అంటే మన ఈ కోస్తా జిల్లాలు, ఫ్రెంచివాళ్ల చేతిలో ఉన్నప్పుడు, వాళ్లను వదిలించుకోవాలని విజయనగరం ఆనంద గజపతి రాజు ఇంగ్లీషువాళ్లను పిలిచారు. క్లైవు బెంగాలు నుంచి కల్నల్ ఫోర్డును పంపాడు. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఫ్రెంచివాళ్లు ఓడిపోయారు. 1759 మార్చిలో ఫోర్డు బందరు కోట మీదకి వచ్చి ముట్టడి వేశాడు. అతని సైనికులు జీతాలు అందక ముట్టడి మధ్యలోనే తిరగబడ్డారు. కోటలో ఉన్నవాళ్లు వీళ్ల కంటే తక్కువేమీ కాదు. అయినా ఏప్రిల్లో ఒక రాత్రిపూట, బురదలో నడిచి వచ్చి కోట పట్టేశారు. మేం పులిహోర తిన్న చోటే అది జరిగింది. 1765లో మొగలు పాదుషా ఫర్మానా, 1766లో నిజాముతో పేష్కష్ (ఏటా కట్టే కప్పం) ఒప్పందం, దాంతో సర్కారులు కంపెనీ కిందకి వచ్చాయి.

అసలు మార్పు ఇక్కడే ఉంది. భూమి శిస్తు చేతికొచ్చాక వెండి తేవాల్సిన పని తగ్గింది. మన రైతు కట్టిన పన్నుతోనే మన నేతగాడి గుడ్డ కొన్నారు, ఆ పన్నుతోనే సిపాయికి జీతమిచ్చారు, ఆ సిపాయితో ఇంకో తాలూకా పట్టారు. ఈ చక్రం అర్థమైతే పిల్లలకి తేదీలు బట్టీ పెట్టే టెన్షన్ ఉండదు. విజయనగరం కథ కూడా తేలిగ్గా అర్థమవుతుంది. ఇంగ్లీషువాళ్లను పిలిచిన ఆ కుటుంబంలోనే తర్వాత గద్దెనెక్కిన విజయరామరాజును కంపెనీ బాకీల కింద నలిపేసింది. పింఛను ఇస్తాం, బందరు పోయి ఉండమంది. ఆయన పోలేదు. 1794 జూలై 10న పద్మనాభంలో కంపెనీ సేన ఆయన్ను చంపేసింది. చందుర్తి యుద్ధం జరిగి అప్పటికి ముప్ఫై ఆరేళ్లు కూడా నిండలేదు.

ఇక నేతగాడి సంగతి. నరసాపురం పక్కన మాధవాయపాలెంలో ఇంగ్లీషువాళ్ల కోఠీ ఉండేది. వాళ్ల నోట ఆ ఊరు మడపొల్లం అయింది, అక్కడి తెల్ల గుడ్డకూ అదే పేరు పడింది. తర్వాత లాంకషైర్ మిల్లులు ఆ పేరుతోనే గుడ్డ నేసి మన దేశానికి పంపాయి. ఊరి పేరు పెట్టుకున్న గుడ్డ పరాయి మిల్లు నుంచి వస్తుంటే ఆ ఊరి మగ్గం ముందు కూర్చున్నవాడికి ఎలా ఉండి ఉంటుందో ఊహించి రాయమని పిల్లలకి చెప్పాను. ఒకడు రెండే వాక్యాలు రాశాడు. అవి చదివి నా గొంతు పట్టేసింది.

"మరి కాటన్ దొర మంచివాడు కదా టీచర్" అంటారు పిల్లలు ప్రతిసారీ. అవును. 1852కి పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట మన అన్నం గిన్నె. కాటన్ మీద మన జిల్లాల్లో ఉన్న ప్రేమ నిజమైనదే. కానీ 1832-33 డొక్కల కరువులో గుంటూరు సీమ శ్మశానమైంది కూడా అదే ప్రభుత్వం కిందే. కాలువల మీద ఖర్చు పెట్టండని ఆయన తన ప్రభుత్వంతోనే ఏళ్ల తరబడి వాదించాల్సి వచ్చింది. రెండూ చెప్పాలి. చెబితే పిల్లలు అర్థం చేసుకుంటారు.

నా అసలు బాధ పాఠం రెండో సగం గురించి. సామ్రాజ్యం ఎలా పెరిగిందో కొంతైనా చెప్పగలుగుతున్నాం. ఎలా కూలిందో చెప్పేసరికి 1947 ఆగస్టు 15 దగ్గర గంట కొట్టేస్తారు. వాళ్లకై వాళ్లు ఒకరోజు ఓడెక్కి వెళ్లిపోయారని పిల్లలు అనుకుంటున్నారు. గుడ్డ, శిస్తు, సిపాయి: ఏ మూడింటితో ఇంత ఎత్తు లేచారో ఆ మూడూ ఒక్కొక్కటే చేయిజారాయి. మన ఊళ్లలో నూలు వడికి ఖద్దరు కట్టారు. 1921-22లో గుంటూరు జిల్లా పెదనందిపాడు ఫిర్కాలో (కొన్ని ఊళ్లు కలిసిన రెవెన్యూ విభాగంలో) పర్వతనేని వీరయ్య చౌదరి వెంట రైతులు శిస్తు ఆపేశారు, మునసబులు, కరణాలు రాజీనామాలు రాసిచ్చారు. సామ్రాజ్యాన్ని నడిపిన డబ్బు సంచి మూతిని ఒక ఫిర్కా రైతులు పట్టుకున్నారు. సిపాయి సంగతికొస్తే, రెండో ప్రపంచయుద్ధంలో ఇరవై అయిదు లక్షలమంది భారతీయులు ఆ జెండా కింద పనిచేశారు. యుద్ధం అయ్యాక 1946 ఫిబ్రవరిలో బొంబాయిలో నావికులే మాట వినడం మానేశారు.

మధ్యలో ఇంకోటి జరిగింది, అది మన తీరం మీదే. 1942 ఫిబ్రవరిలో సింగపూర్ జపాను చేతికి చిక్కింది. రంగూన్లో కూలికెళ్లిన మన ఉత్తరాంధ్రవాళ్లు ఎందరో అడవులగుండా నడిచి ఇళ్లు చేరారు, చేరనివాళ్లూ ఉన్నారు. ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాను విమానాలు బాంబులు వేశాయి. కాపాడతామని పన్ను తీసుకున్నవాళ్లు కాపాడలేరని మన జనం ఆ రోజు కళ్లతో చూశారు. యుద్ధం ముగిసేసరికి బ్రిటను మన దేశానికి సుమారు 130 కోట్ల పౌండ్లు బాకీ పడింది. వెండి పట్టుకుని బందరు రేవులో బేరమాడినవాళ్ల లెక్క అక్కడికి వచ్చి ఆగింది.

మంత్రి గారూ, నేను అడిగేది పెద్ద ఖర్చు కాదు. ఈ పాఠానికి ప్రతి జిల్లాలో ఆ జిల్లా నేల మీద జరిగిన ఒక ఘట్టాన్ని చేర్చండి: కాకినాడ పిల్లలకు చందుర్తి, విశాఖపట్నం పిల్లలకు పద్మనాభం, గుంటూరు పిల్లలకు పెదనందిపాడు. ఏడాదికి ఒక్కరోజు ఆ చోటికి తీసుకెళ్లడం టైంటేబుల్లోనే పెట్టండి, ఆర్టీసీ బస్సుతో సహా. చూసొచ్చి, పెద్దల్ని అడిగి రాసినదానికి ఎఫ్ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) ప్రాజెక్టు మార్కులు ఇవ్వనివ్వండి. 1947 తర్వాత సూయజ్ కాలువ దగ్గర 1956లో ఆ సామ్రాజ్యానికి జరిగిన పరాభవం, 1997లో హాంకాంగ్ అప్పగింత కూడా ఒక పేజీలో చెప్పనివ్వండి.

ఆ రోజు తిరుగు బస్సెక్కే ముందు పిల్లల్ని కోనేరు సెంటరుకు తీసుకెళ్లాను. 1930లో అక్కడ జెండా కట్టబోయిన తోట నరసయ్య నాయుడిని పోలీసులు స్పృహ తప్పేదాకా కొట్టారు, ఆయన జెండా వదల్లేదు. బజారు రద్దీగా ఉంది, ఆటోలు హారన్లు కొడుతున్నాయి. కోటలో ప్రశ్న అడిగిన అమ్మాయి నోట్సు తీసి, ఇక్కడి నుంచి కోటకి ఎంత దూరమని అడిగి రాసుకుంది. ఈ డిసెంబరులోనూ వెళ్తున్నాం. మీరు వీలు చేసుకుని వస్తే, పెడన షెడ్డు నుంచి కోనేరు సెంటరు దాకా ఆ పిల్లలే మీకు చూపిస్తారు.

ఇట్లు,
ఒక సోషల్ టీచర్,
కృష్ణా జిల్లా